సరిహద్దు వివాదాలను నేను చదివిన పద్ధతి: నెల్లూరు నుంచి సివిల్స్ దాకా

సివిల్స్ ఫైనల్ లిస్టులో నా పేరు వచ్చింది. ఏ సర్వీసు దక్కుతుందో ఇంకా తేలలేదు. అయినా ఈ ఒక్క వాక్యం రాస్తుంటేనే గుండె నిండిపోతోంది. రిజల్ట్ వచ్చినప్పటి నుంచి జూనియర్లు ఎక్కువగా అడుగుతున్నది బుక్‌లిస్ట్. అందరూ చదివే పుస్తకాలే చదివాను, అందరూ రాసే టెస్ట్ సిరీసే రాశాను. ప్రిలిమ్స్‌కి పాత పేపర్లు, కరెంట్ అఫైర్స్, రోజూ కాసేపు సీశాట్ (ప్రిలిమ్స్ రెండో పేపర్) లెక్కలు. అంతే. నేను వివరంగా చెప్పాలనుకున్నది ఒక్క టాపిక్ గురించి: పొరుగు దేశాల మధ్య సముద్ర సరిహద్దు వివాదాలు, గగనతల వివాదాలు. మెయిన్స్ జనరల్ స్టడీస్ (జీఎస్) పేపర్లలో, జీఎస్-2లో పొరుగు దేశాలతో సంబంధాలు, జీఎస్-3లో భద్రత, లా ఆప్షనల్ మొదటి పేపర్లో సముద్ర చట్టం, చివరికి ఇంటర్వ్యూ. ఇన్ని చోట్ల నన్ను ఆదుకున్న టాపిక్ ఇంకొకటి లేదు.

మార్కెట్లో దొరికే నోట్సులన్నీ దీన్ని దేశాల వారీగా ఇస్తాయి. పాకిస్తాన్ అంటే సర్ క్రీక్, శ్రీలంక అంటే కచ్చతీవు, బంగ్లాదేశ్ అంటే న్యూ మూర్ దీవి, చైనా అంటే దక్షిణ చైనా సముద్రంలో అది గీసుకున్న నైన్ డాష్ లైన్. ఇలా బట్టీ పడితే నేరుగా అడిగిన ప్రశ్నకు జవాబు రాయొచ్చు. కొంచెం తిప్పి అడిగితే పెన్ను ఆగిపోతుంది. నాకు ఈ టాపిక్ తలుపు తెరిచింది శ్రీహరికోట.

2022లో కొత్త జిల్లాలు వచ్చాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా నెల్లూరోళ్లకి అక్కడి రాకెట్ కేంద్రం షార్ ఇప్పటికీ మాదే. రాకెట్ ప్రయోగం ఉందంటే తీరంలోని జాలరి పాలేలకు ముందే కబురు వస్తుంది, ఫలానా పూట ఆ వైపు వేటకు పోవద్దని. మా పెదనాయన వాళ్లకు బోటు ఉంది. ఒకసారి అలా వేట ఆపుకుని ఇంట్లో ఉన్నప్పుడు అడిగాను, ఎంత దూరం దాకా పోవద్దంటారని. "చానా దూరమమ్మా. మన బోట్లు పోయేదానికంటే ఇంకా అవతల దాకా" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. మన ప్రాదేశిక జలాలు తీరపు ఆధార రేఖ నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు (ఇక ముందు మైళ్లంటే నాటికల్ మైళ్లే). రాకెట్ భాగాలు పడే ప్రాంతం అంతకంటే ఎంతో దూరం, బంగాళాఖాతం నడిమధ్యలో ఉంటుంది. అది మనది కాని సముద్రం. మరి అక్కడికి ఎవరినీ రావద్దని మనం ఎలా అనగలుగుతున్నాం?

దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే సబ్జెక్ట్ మొత్తం విడిపోయింది. 12 మైళ్ల లోపల మనం ఆపగలం. అవతల ఆపలేం, హెచ్చరించగలం. విమానాలకు నోటామ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక నోటీసు) ఇస్తాం, ఓడలకు నావికా హెచ్చరిక ఇస్తాం. హిందూ మహాసముద్రంలో ఒక పెద్ద భాగంలో ఓడల హెచ్చరికలను సమన్వయం చేసే నావ్‌ఏరియా-8 బాధ్యత భారతదేశానిదే, డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ ఆ పని చూస్తుంది. అంటే ఒకే సముద్రం మీద ఒక దేశానికి మూడు రకాల అధికారం ఉంటుంది. మొదటిది సార్వభౌమాధికారం: 12 మైళ్లు, దాని మీది ఆకాశం. రెండోది వనరుల మీద హక్కు: 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలి, దాని అడుగున ఖండతీరపు అంచు. మూడోది కేవలం బాధ్యత: విమానాలకు దారి చూపడం, హెచ్చరించడం, ప్రమాదంలో వెతకడం. యజమాని, కౌలుదారు, కావలివాడు ముగ్గురూ ఒకే పొలంలో కనిపించినా ముగ్గురి అధికారం ఒకటి కానట్టే ఇదీ.

ఏ వివాదం ఎదురైనా ఇక నా మొదటి ప్రశ్న ఒక్కటే అయింది: వీళ్లు గొడవ పడుతున్నది ఈ మూడింటిలో దేని గురించి?

ఏజియన్ సముద్రం తీసుకోండి. గ్రీసు ప్రాదేశిక జలాలు 6 మైళ్లే. గగనతలం మాత్రం 1931 నాటి డిక్రీ ప్రకారం 10 మైళ్లని అంటుంది. కింద నీళ్లు ఎంత ఉంటే పైన ఆకాశం అంతే అన్నది 1944 షికాగో ఒప్పందం సూత్రం. అందుకే టర్కీ 6 మైళ్ల వరకే ఒప్పుకుంటుంది, మిగతా 4 మైళ్లలో దాని యుద్ధ విమానాలు తిరిగితే గ్రీసు ఉల్లంఘన అంటుంది. ఇది పూర్తిగా మొదటి రకం గొడవ. సింగపూర్, ఇండోనేషియాల మధ్య నడిచింది వేరు. రియావు దీవుల మీద ఆకాశం ఇండోనేషియాదేనని సింగపూర్ ఎప్పుడూ కాదనలేదు, కానీ అక్కడి విమానాలను నడిపించే ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్ దశాబ్దాల పాటు సింగపూర్ చేతిలో ఉంది. 2022లో ఒప్పందం చేసుకుని 2024 మార్చి నుంచి హద్దులు మార్చుకున్నారు. ఇది మూడో రకం. ఈ రెండింటినీ ఒకే పేరాలో కలిపి "గగనతల వివాదాలు" అని రాసే వాళ్లకీ, విడదీసి రాసే వాళ్లకీ మార్కుల్లో తేడా ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఇదే పద్ధతి అన్నిటికంటే బాగా పనికొచ్చింది బంగ్లాదేశ్ కేసులో. 2014 జులై 7న హేగ్ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి, న్యూ మూర్ దీవి ఒకప్పుడు ఉన్న చోటు మన వైపు వచ్చింది. అందరూ ఇంతవరకే చదువుతారు. నన్ను కట్టిపడేసింది ఆ తీర్పులోని గ్రే ఏరియా. బంగ్లాదేశ్ తీరానికి 200 మైళ్ల అవతల, మన తీరానికి 200 మైళ్ల లోపల ఒక చిన్న ప్రాంతం ఉంది. అక్కడ సముద్రపు అడుగు బంగ్లాదేశ్‌ది. పైన ఉన్న నీళ్లలో చేపల మీద హక్కు మనది. ఆ పైన ఆకాశంలో ఎవరైనా ఎగరొచ్చు. గ్రాఫ్ షీట్ మీద దీన్ని నిలువు కోతగా గీసుకున్న రోజు రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. లా ఆప్షనల్ వాళ్లు ఆ బొమ్మ తప్పకుండా గీసుకోండి, జవాబులో కూడా గీయండి.

సర్ క్రీక్ విషయంలో మాత్రం ఇంకో సంగతి గమనించాలి. గుజరాత్‌లోని కచ్‌కూ పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మధ్య 96 కిలోమీటర్ల బురద వాగు. పాకిస్తాన్ 1914 బొంబాయి ప్రభుత్వ తీర్మానం చూపించి తూర్పు ఒడ్డు దాకా తనదంటుంది, మనం 1925 నాటి మ్యాపు, సరిహద్దు స్తంభాలు చూపించి వాగు మధ్య గీత అంటాం. ఆ బురద కోసం ఎవరూ కొట్టుకోవట్లేదు. భూమి సరిహద్దు సముద్రాన్ని ఎక్కడ తాకుతుందో అక్కడి నుంచే సముద్ర సరిహద్దు మొదలవుతుంది. ఆ బిందువు కొంచెం జరిగితే సముద్రంలోకి పోయేకొద్దీ తేడా పెరిగిపోతుంది. ఇక్కడే గగనతలం కూడా కలుస్తుంది. 1999 ఆగస్టు 10న పాకిస్తాన్ నౌకాదళపు అట్లాంటిక్ అనే నిఘా విమానాన్ని మన మిగ్-21 కూల్చింది ఈ ప్రాంతంలోనే, 16 మంది చనిపోయారు. సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపు యుద్ధ, నిఘా విమానాలు రాకూడదని 1991లో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం అప్పటికే అమల్లో ఉంది. పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, 2000 జూన్ 21న తనకు విచారణాధికారం లేదని కోర్టు చెప్పింది. కామన్వెల్త్ దేశాలతో వివాదాలను మనం ముందే మినహాయించుకుని ఉండడం దానికి కారణం.

గగనతలం మూసివేతలు అందరికీ తెలిసినవే. బాలాకోట్ తర్వాత 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాన్ మూసింది, పహల్గామ్ తర్వాత 2025 ఏప్రిల్‌లో ముందు వాళ్లు, తర్వాత మనం. దీనికి తోడు 1971లో హైజాకైన మన గంగా విమానం కేసు చదవండి. హైజాకర్లు లాహోర్‌లో దాన్ని తగలబెట్టాక, మన మీదుగా పాకిస్తాన్ విమానాలు పోకుండా ఆపేశాం. తూర్పు పాకిస్తాన్‌కు వాళ్లు శ్రీలంక చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. పాకిస్తాన్ ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే, ఆ కౌన్సిల్‌కు వినే అధికారం లేదని మనం వాదించాం. 1972 ఆగస్టులో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ అధికారం ఉందని తీర్పు చెప్పింది. ఖతార్ మీద పొరుగు దేశాలు ఆకాశం మూసినప్పుడు 2020లో వచ్చిన తీర్పుల్లోనూ ఇదే దారి. కరెంట్ అఫైర్స్‌కు పాత కేసును జోడిస్తే జవాబు నిలబడుతుంది.

మత్స్యకారుల విషయం రాయకుండా ఉండలేను. గుజరాత్ బోట్లలో పనికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట ఉల్లంఘనకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదు. ఈ ఒక్క వాక్యం తెలిస్తే మానవతా కోణం, చట్టం కోణం ఒకేసారి రాయొచ్చు. మన తీరంలోనే తమిళనాడు సోనా బోట్లు వచ్చి వలలు కోసేస్తున్నాయని గొడవ జరిగినప్పుడల్లా, 12 మైళ్ల లోపల చేపల వేట రాష్ట్ర జాబితా, బయట కేంద్ర జాబితా అన్న పాలిటీ పాఠం నాకు గుర్తొచ్చేది. సిలబస్ మన ఊరి దాకా వస్తుంది, చూసే ఓపిక ఉండాలి.

ఒక్క టాపిక్ మీద ఇంత టైమ్ పెట్టడం తెలివైన పనేనా అని చాలామంది అడిగారు. ఢిల్లీ వెళ్లకుండా నెల్లూరులో అద్దె గదిలో కూర్చుని మ్యాపులు గీసుకుంటున్నావని బంధువులు జాలి పడ్డారు. వాళ్లకు అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. వెయిటేజీ లెక్కలు వేసుకుంటూ అన్నీ పైపైన తడిమిన వాళ్లకంటే, ఒక్కదాన్ని అడుగు దాకా చదివినవాళ్లకు మిగతావి చదవడం కూడా వస్తుంది. నాకు అదే జరిగింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రోజూ ఒక మ్యాపు గీయండి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా, మాక్ టెస్టులో మార్కులు తగ్గి టెన్షన్‌గా ఉన్నా గీయండి. మూడ్ వచ్చినప్పుడు చదువుతాం అనేవాళ్లకి ఈ పరీక్ష దొరకదు. ఫోన్ పక్కన పెట్టడం రాకపోతే ఏ కోచింగూ కాపాడదు.

ఇంటర్వ్యూలో నా డాఫ్ (వివరాల దరఖాస్తు) చూసి నెల్లూరు అనగానే బోర్డు సభ్యుడొకరు షార్ గురించి అడిగారు. పోలార్ కక్ష్యకు పోయే పీఎస్‌ఎల్‌వీ శ్రీలంక మీదుగా పోకుండా దారి వంచుకుంటుందని, దానివల్ల మోసుకెళ్లే బరువు తగ్గుతుందని, తమిళనాడులో కులశేఖరపట్నం కేంద్రం కట్టడానికి ఇదీ ఒక కారణమని చెప్పాను. వెంటనే ఇంకో ప్రశ్న: ప్రయోగం రోజు కృష్ణపట్నానికి 150 మైళ్ల దూరంలో ఒక విదేశీ సర్వే ఓడ వచ్చి నిలబడితే కలెక్టర్‌గా, ప్రభుత్వంగా ఏం చేయగలరు?

కలెక్టర్‌కు అక్కడ అధికారం లేదని ముందు చెప్పాను. అది ప్రత్యేక ఆర్థిక మండలి. ఓడ ప్రయాణించే స్వేచ్ఛ సముద్ర చట్ట ఒప్పందం 58వ అధికరణం ఇస్తుంది, తరిమేయలేం. అది సముద్ర పరిశోధన చేస్తుంటే మాత్రం అదే ఒప్పందం 246వ అధికరణం ప్రకారం మన అనుమతి కావాలి. కోస్ట్ గార్డ్ దగ్గరగా గమనిస్తుంది, విదేశాంగ శాఖ అభ్యంతరం చెబుతుంది అన్నాను. "అయితే 2021 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధనౌక లక్షద్వీప్ దగ్గర మన ఆర్థిక మండలిలో అనుమతి అడగకుండా తిరిగింది కదా, దాని సంగతి?" అన్నారాయన. మన ఆర్థిక మండలిలో సైనిక విన్యాసాలకు అనుమతి కావాలని 1995లో ఒప్పందాన్ని ధ్రువీకరించేటప్పుడే ప్రకటించామని, అమెరికా దాన్ని ఒప్పుకోదని, అసలు ఆ ఒప్పందంలో అది చేరనే లేదని చెప్పాను. చివర్లో నా సొంత అభిప్రాయం కూడా కలిపాను: మన వాదన, చైనా తన ఆర్థిక మండలి గురించి చేసే వాదన ఈ విషయంలో దగ్గరగా ఉన్నాయి, దక్షిణ చైనా సముద్రంలో స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మనం దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

బయటికొచ్చాక ఫ్రెండ్స్ భయపెట్టారు, ప్రభుత్వ వైఖరి మీద అలా అనకూడదని. నేను వైఖరిని తప్పు పట్టలేదు, అది ఎక్కడ బలహీనమో చెప్పాను. దేశం కోసం వాదించబోయేవాళ్లకు ఆ బలహీనత ముందే తెలియాలి. ఆ బోర్డు ముందు మళ్లీ కూర్చున్నా అదే జవాబు చెప్తాను.