మొదటి ఫిఫ్త్ వీల్, మొదటి రాత్రి

టెక్సాస్‌లో పికప్‌కి ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పికప్ వెనక తొట్టిలో తగిలించి లాగే చక్రాల ఇల్లు) తగిలించుకుని మొన్న మొదటిసారి ఫ్యామిలీతో బయల్దేరాం. కుర్చీలు, గ్రిల్, ఆఖరికి దోసెల పెనం కూడా సర్దాను. కుళాయి నీళ్ల ఒత్తిడి తగ్గించే, అరచేతిలో పట్టే ఇత్తడి ప్రెషర్ రెగ్యులేటర్ మాత్రం కొనలేదు. క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి పైపు నేరుగా బిగించి తిప్పాను. కాసేపటికే సింకు కింద జాయింటు ఊడి నీళ్లు గుమ్మం దాకా వచ్చేశాయి. అర్ధరాత్రి దాకా తువ్వాళ్లతో పిండుతూనే ఉన్నాం.

కొత్తగా కొనేవాళ్లూ, ముందు ఆ రెగ్యులేటరే కొనండి. నీళ్ల ప్రెషర్ 40–50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాటనివ్వదు. తర్వాత మీ ట్రైలర్‌ను బట్టి 30 లేదా 50 యాంపుల సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే కాపాడేది), తాగునీటికి విడిగా ఒక పైపు. ట్రైలర్ చక్రాలకు చాక్స్ (దొర్లకుండా ఆపే అడ్డుదిమ్మెలు) పెట్టకుండా మాత్రం పికప్‌ని విడదీయకండి. పిల్లలు ఆ పక్కనే ఆడుతుంటారు.