మంచం పడితేనే బీమానా? నిరామయ క్లెయిముతో నా అనుభవం

మా చిన్నోడికి పదకొండేళ్లు. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. ఏడాది దాటినా మెడ నిలబడకపోయేసరికి హైదరాబాదు తీసుకెళ్లాం, అప్పుడు చెప్పారు సెరిబ్రల్ పాల్సీ అని. మా లాంటి అమ్మలం కలిస్తే దాన్ని సీపీ అనే అంటాం. మెదడుకు జరిగిన దెబ్బ వల్ల కండరాలు బిగుసుకుపోతాయి. వారానికి మూడుసార్లు ఫిజియో చేయిస్తేనే మోకాళ్లు కాస్త సాగుతాయి. రెండు వారాలు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. సిట్టింగుకు 300. ఇది ఒక నెలతోనో ఒక ఏడాదితోనో అయిపోయే ఖర్చు కాదు.

ఈ ఖర్చులో ఎంతో కొంత ఇన్సూరెన్స్ నుంచి రాబట్టాలని నేను తిరిగిన తిరుగుడు ఇది, చివరికి నిరామయ అనే బీమా దాకా. మాది కరీంనగర్. ఆయన బైక్ షోరూంలో పని చేస్తారు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను.

మొదట ఆరోగ్యశ్రీ మీదే ఆశ పెట్టుకున్నాం. కారణం మా మామగారు. ఆయనకు గుండెలో స్టెంట్ వేసినప్పుడు రేషన్ కార్డు చూపించి రూపాయి కట్టకుండా ఇంటికొచ్చాం. అందుకే 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచుతున్నారని టీవీలో చూసి నేను నిజంగానే సంబరపడ్డాను. మర్నాడే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరకు వెళ్లి, మా బాబు ఫిజియో ఇందులో వస్తుందా అని అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు, పాపం. కంప్యూటర్‌లో వెతికి, "అక్కా, ఇందులో ఉన్నవన్నీ ప్యాకేజీలు. అడ్మిట్ చేసి, ఆపరేషనో ట్రీట్‌మెంటో అయితేనే. రోజూ వచ్చి పోయే ఫిజియోకు రాదు" అంది.

అంటే మంచం పడితే 10 లక్షలు. మంచం పట్టకుండా చూసుకోవడానికి మాత్రం ఏమీ లేదు. పథకం చెడ్డదని నేను అనను, మా మామగారు దాని వల్లే బతికి ఉన్నారు. కానీ మా వాడి అవసరం దాని కొలతకు సరిపోదు.

ఆ డిసెంబరు 9నే ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కూడా మొదలైంది. చెబితే నవ్వుతారు గానీ, బీమాలో వచ్చిన మార్పులన్నిటి కంటే ముందు మాకు పనికొచ్చింది ఆ జీరో టికెట్టే. కరీంనగర్ నుంచి సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)కు ఎక్స్‌ప్రెస్‌లో నాకు సున్నా, వాడికి హాఫ్ టికెట్. జేబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ దగ్గరే. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే సంస్థ అది. ఏడాదికి ఒకసారి గగనంగా వెళ్లేవాళ్లం, ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్తున్నాం.

ప్రైవేటు ఇన్సూరెన్స్ కథ వేరు. 2021లో, కరోనా రెండో వేవ్ భయంలో, ఆయన స్నేహితుడొకరు పాలసీలు చేస్తుంటే ఇంటికి పిలిచాం. ఫారం నింపుతూ మా వాడి కాలమ్ దగ్గర ఆగిపోయాడు. "వదినా, బాబు పేరు పెడితే ఫైల్ మొత్తం వెనక్కి వస్తది. ముగ్గురికి చేద్దాం" అన్నాడు. ముగ్గురంటే మేమిద్దరం, మా పాప. ఇంట్లో ఆసుపత్రి అవసరం ఎవరికి ఎక్కువో వాడినే తీసేసి మిగతా వాళ్లకు బీమా. ఆ రోజు నేను టీ కూడా పెట్టలేదు.

తర్వాత రూల్స్ మారాయి. వీల్‌చెయిర్ వాడే ఒకాయనకు పాలసీ ఇవ్వని కేసులో 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, వికలాంగులకు పాలసీలు తెచ్చేలా చూడమని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి చెప్పింది. 2023 ఫిబ్రవరి 27న ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. హెల్త్ ఇన్సూరెన్స్ చేసే ప్రతి కంపెనీ వికలాంగులకు, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు, మానసిక సమస్యలున్నవాళ్లకు తప్పనిసరిగా ఒక పాలసీ పెట్టాలన్నారు. ఆ ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఉండేది మన హైదరాబాదులోనే, గచ్చిబౌలి వైపు. అక్కడ రాసిన కాగితం మా ఇంటి దాకా రావడానికి దాదాపు ఏడాది పట్టింది. పాలసీలు చేసే ఆ తమ్ముడే మళ్లీ వచ్చాడు, ఈసారి నవ్వు మొహంతో. "వదినా, ఇప్పుడు బాబుకు కూడా ఉంది" అని.

ఈసారి టీ పెట్టాను. కానీ కాగితాలు అక్కడే చదివించుకున్నాను. వాడికున్న వైకల్యానికి సంబంధించిన వైద్యానికి 24 నెలలు ఆగాలి. బిల్లులో నూటికి 20 మన జేబులోంచే. ఆసుపత్రిలో చేరితేనే. మళ్లీ అదే మంచం! ప్రీమియం చూస్తే మా చిట్టీ కిస్తీని మించిపోయింది. ఆరోగ్యశ్రీ 10 లక్షలు ఉండగా దీనికెందుకు కట్టాలో నాకు అర్థం కాలేదు, వద్దన్నాం. రేషన్ కార్డు లేని వాళ్లయితే మాత్రం చూసుకోవాల్సిందే, వాళ్లకు 2023కు ముందు ఆ దారి కూడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు కాబట్టి ఆ మేరకు తగ్గింది కూడా.

నిరామయ పేరు నేను మొదట విన్నది మండల భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రంలో. అక్కడ ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్‌పీ మేడమ్ ఒకరోజు నా దగ్గరున్న బిల్లుల కట్ట చూసి, "ఇవన్నీ దాచి ఏం చేస్తున్నావమ్మా? నిరామయ తీసుకోలేదా?" అన్నారు. ఏదో ఆయుర్వేదం మందు అనుకున్నాను నేను.

అది కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్లకే. ఏడాదికి లక్ష రూపాయల దాకా. ముందుగా వైద్య పరీక్షలు అక్కర్లేదు, ఏ ఆసుపత్రికైనా వెళ్లొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, థెరపీలకు, ఓపీ మందులకు కూడా ఇస్తారు. లక్ష అంటే లక్షా ఒకేదానికి కాదు. ఆపరేషన్‌కు ఇంత, ఓపీకి ఇంత, థెరపీకి ఇంత అని పోపుల డబ్బాలో గిన్నెల్లా వేరువేరు పరిమితులు. థెరపీ గిన్నె చిన్నది. అయినా ఉంది గదా. పేద కుటుంబాలకు చేరిక ఫీజు 250, తర్వాత ఏటా రెన్యువల్ 50.

నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది 1999లో. మా వాడు పుట్టకముందు నుంచీ ఉన్న చట్టం, వాడికి తొమ్మిదేళ్లు వచ్చే దాకా దీని గురించి ఒక్క ఆసుపత్రిలోనూ మాకు ఒక్కరూ చెప్పలేదు. దానికి ఇప్పటికీ కోపం వస్తుంది.

దీనికి కావలసింది వైకల్య ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు, ఫొటో. వినడానికి సులువే. మా దగ్గరున్న సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) వాడి ఐదో ఏట ఇచ్చింది, దాని మీద 'టెంపరరీ' అని ఉంది, గడువు దగ్గర పడింది. చిన్న పిల్లలకు అలాగే ఇస్తారట, పెద్దయ్యాక మళ్లీ చూస్తారట. మెదడుకు జరిగింది టెంపరరీ కాదు గదా సార్ అని అడిగితే, సిస్టమ్‌లో అలాగే ఉందమ్మా అన్నారు. మళ్లీ సదరం క్యాంపుకు మీసేవలో స్లాట్ పట్టుకోవాలి. మూడు రోజులు పొద్దున్నే వెళ్లి అడిగితే గానీ స్లాట్ దొరకలేదు.

ఆ లోపు ఇంకో తంటా. ఐదేళ్లు దాటాక పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు ఇవ్వాలి. మేం ఆ పని వాయిదా వేస్తూ వచ్చాం, ఎందుకంటే మా వాడి పిడికిళ్లు ఎప్పుడూ బిగిసే ఉంటాయి. బొటనవేలు లోపలికి, మిగతా నాలుగు దాని మీద. గట్టిగా లాగితే ఇంకా బిగుస్తాయి. ఆధార్ సెంటర్ అబ్బాయి మెషీన్ మీద వాడి చేయి పెట్టి నొక్కబోతే నేను ఆపాను. ఫిజియో సార్ నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు మణికట్టును మెల్లగా కిందికి వంచి, బొటనవేలి మొదట్లో పట్టుకుని బయటికి తియ్యాలి, అప్పుడు మిగతా వేళ్లు వాటంతటవే కాస్త వదులవుతాయి. వాడి చెవిలో పాట పాడుతూ ఒక్కో వేలూ విప్పాను. నాలుగు వేళ్లు గాజు పలక మీద పడ్డాయి, మెషీన్ బీప్ అంది. ఆ శబ్దానికి వాడు ఉలిక్కిపడ్డాడు, పిడికిలి టక్కున మూసుకుంది. మళ్లీ మొదలు. వెనకాల లైన్లో నిలబడిన ఒక ముసలాయన, "తొందరేం లేదు బిడ్డా, కానియ్యి" అన్నాడు. ముప్పావు గంట పట్టింది.

క్యాంపు రోజు అంతకంటే తేలికగానే గడిచింది. ఎముకల డాక్టరు వాడి మోకాలు వంచి చూసి, రెండు ప్రశ్నలు అడిగి, 75 శాతం రాశారు. నాలుగు గంటలు ఎదురుచూసింది రెండు నిమిషాల పని కోసం. వీల్‌చెయిర్లకు ర్యాంపు ఉంది, దాని ముందు బైకులు పార్క్ చేసి ఉన్నాయి. ఆ సర్టిఫికెట్ పెట్టి దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీకి కూడా అప్లై చేశాం, పసుపు గీత కార్డు వచ్చింది. 40 నుంచి 80 లోపైతే పసుపు, 80, ఆ పైన అయితే నీలం. తెలంగాణలో ఇప్పుడు సదరం బదులు నేరుగా యూడీఐడీయే ఇస్తున్నారు కాబట్టి కొత్తవాళ్లకు ఈ రెండు మెట్లూ లేవు.

నిరామయ అప్లికేషన్ హైదరాబాదులో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే నడిపే ఒక సంస్థ ద్వారా పెట్టాం. 2024 ఫిబ్రవరిలో ఈ-కార్డు ఫోన్‌కు వచ్చింది. మార్చి రెండో వారంలో వాళ్లే ఫోన్ చేసి, రెన్యువల్ చేసుకోండి అన్నారు. నెల కూడా కాలేదు గదా అన్నాను. ఈ పాలసీ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకానట, మధ్యలో ఎప్పుడు చేరినా మార్చి 31తో ముగిసిపోతుంది. కాబట్టి కొత్తగా చేరేవాళ్లు జనవరి, ఫిబ్రవరిలో కాకుండా ఏప్రిల్‌లో చేరితే ఏడాది మొత్తం వాడుకోవచ్చు. నేను 50 కట్టి రెన్యువల్ చేశాను.

మొదటి క్లెయిము ఏప్రిల్, మే నెలల ఫిజియోకు. 22 సిట్టింగులు, 6,600 రూపాయలు. ఒరిజినల్ బిల్లులు, క్లెయిమ్ ఫారం కొరియర్ చేశాను. నెలన్నర తర్వాత మెసేజ్ వచ్చింది, క్వెరీ అని. ఫోన్ చేస్తే తెలిసింది. మా ఫిజియో సార్ బిల్లు రాసేది పిల్లల నోటుబుక్కు కాగితం మీద. సంతకం తప్ప రిజిస్ట్రేషన్ నంబరు లేదు, తేదీల వారీగా సిట్టింగులు లేవు. పైగా ఈ బాబుకు ఫిజియో అవసరం అని డాక్టరు రాసిన చీటీ జత చేయలేదు. ఏళ్ల తరబడి చేయిస్తున్న ఫిజియోకు చీటీ ఎక్కడి నుంచి తేవాలి? ఎప్పుడో వాడి రెండో ఏట రాసిచ్చింది వానకు తడిసి ముద్దయింది.

మళ్లీ జేబీఎస్ బస్సు. ఎన్ఐఈపీఐడీలో డాక్టరు గారు కొత్త చీటీ రాశారు, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నెలలు అని స్పష్టంగా. అప్పటి నుంచి మూడు నెలలకోసారి ఆ చీటీ కొత్తగా రాయించుకుంటున్నాను. బిల్లుల జిరాక్సులు ఒక సెట్టు నా దగ్గరే ఉంచుకుంటున్నాను, ఎందుకంటే ఒరిజినల్ ఒకసారి పోతే మన చేతిలో ఏమీ ఉండదు. రెండు నెలలవి ఒకేసారి పంపడం మానేసి నెల నెలా పంపుతున్నాను. ఆలస్యమైతే గడువు దాటిందని తిప్పి పంపడానికి వాళ్లకు అదొక సాకు.

చీటీ పంపాక డబ్బు పడింది. 6,600 అడిగితే 5,400. డాక్టరు రాసినదాని కంటే ఎక్కువైన నాలుగు సిట్టింగులు కోసేశారు. బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడు నేను మిషన్ మీద ఉన్నాను. కుట్టు ఆపి రెండుసార్లు చదువుకున్నాను. వాడి పేరు మీద అకౌంట్ తెరిచాక పింఛను కాకుండా అందులో పడిన మొదటి డబ్బు అది. ఆయనకు ఫోన్ చేసి చెబితే, "మిగతా 1,200 ఏమైనయ్?" అన్నారు. మగవాళ్లంతే.

ఆ ఏడాది థెరపీ గిన్నె దసరా దాటేసరికి ఖాళీ అయిపోయింది. మిగతా నెలలవి మేమే కట్టుకున్నాం, ఇప్పటికీ అంతే. తర్వాతి ఏప్రిల్ వచ్చేసరికి మళ్లీ నిండుతుంది.

ఇంతకీ మా ఫిజియో సార్. క్వెరీ సంగతి చెప్పినప్పుడు ఆయన ముందు నొచ్చుకున్నారు, ఇన్నేళ్లలో నన్ను నంబరు అడిగినవాళ్లు లేరమ్మా అన్నారు. వారం తిరిగేసరికి బిల్లు బుక్కు అచ్చు వేయించారు, రిజిస్ట్రేషన్ నంబరుతో ఒక రబ్బరు స్టాంపు చేయించారు. ఇప్పుడు ఆయన దగ్గరకొచ్చే మరో ఆరుగురు పిల్లల అమ్మలు కూడా నిరామయలో చేరారు. నెలాఖరున సిట్టింగ్ అయ్యాక ఆ స్టాంపును ఇంకు డబ్బాలో అద్ది బిల్లు మీద ధబ్బున కొడతారు. మెషీన్ బీప్‌కు భయపడిన మా వాడు ఆ చప్పుడుకు మాత్రం పడీపడీ నవ్వుతాడు. సార్ ఒక బిల్లుకు మూడుసార్లు కొడుతున్నారు, రెండు ఖాళీ కాగితం మీద.