స్ట్రోలర్‌తో రేవు ఒడ్డుకి వెళ్లేముందు నేల చూడండి

నీటి ఒడ్డున పిల్లలతో ఒక రోజు గడుపుదామంటే చాలామంది ముందుగా అడిగేది "అక్కడ చూడ్డానికి ఏమేం ఉన్నాయి?" అని. నేను "అక్కడ నేల ఎలా ఉంటుంది?" అని అడుగుతాను. మా చంటివాడికి ఎనిమిది నెలలు, వాడి అక్కకి అయిదేళ్లు, మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. స్ట్రోలర్ సాఫీగా వెళ్లే దారిలో అత్తయ్య కూడా హాయిగా నడుస్తారు. స్ట్రోలర్ ఆగిపోయిందంటే ఇంటిల్లిపాదీ ఆగిపోతాం. అందుకే మా ప్లాన్ చక్రాల దగ్గర మొదలవుతుంది.

నగరాల్లో ఇప్పుడు వాటర్‌ఫ్రంట్ అని పిలుస్తున్న ప్రాంతాలు చాలావరకు ఒకప్పటి సరుకు రేవులు. 1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లు వేసుకుని అమెరికాలో న్యూవర్క్ నుంచి హ్యూస్టన్‌కి వెళ్లింది. సరుకుని ఇలా పెద్ద పెట్టెల్లో నింపి పంపే పద్ధతి పాకేకొద్దీ ఓడలు పెద్దవయ్యాయి. వాటికి లోతైన నీళ్లు, ఒడ్డున బోలెడంత ఖాళీ జాగా కావాల్సి వచ్చింది. ఊరి నడిబొడ్డున ఇరుకుగా ఉన్న పాత రేవులకి పని లేకుండా పోయింది. లండన్‌లో రాయల్ డాక్స్ 1981లో మూతపడ్డాయి. ఇలాంటి చోట్ల గోదాములు మ్యూజియంలయ్యాయి, అపార్ట్‌మెంట్లయ్యాయి, క్రేన్లు అలంకారంగా మిగిలాయి. కానీ కాళ్ల కింది నేల చాలాచోట్ల ఆ పాతదే. బరువైన బళ్ల కోసం, క్రేన్ల కోసం, ఓడల కోసం వేసిన నేల అది. దాని మీద మనం వేలెడంత వెడల్పు చక్రాలున్న బండిని తోసుకుంటూ వెళ్తున్నాం.

అన్నిటికంటే కష్టం చెక్కిన రాళ్లు పరిచిన దారి. ఫోటోల్లో ఎంత అందంగా ఉంటుందో తోయడానికి అంత ప్రాణం తీస్తుంది. రాళ్ల మధ్య సందుల్లో ముందు చక్రాలు అటూ ఇటూ కొట్టుకుంటాయి, చంటివాడి తల అదురుతుంది. అలాంటి చోట ముందు చక్రాలు గిర్రున తిరగకుండా లాక్ చేసి, బండిని వెనక్కి తిప్పి లాక్కుంటూ వెళ్లడం మేలు. పెద్ద చక్రాలు ముందు ఎక్కుతాయి, చిన్నవి వాటి వెంట వస్తాయి. చాలా రేవుల్లో రాళ్ల దారి పక్కనే గోడ వెంబడి నున్నటి పలకలు పరిచిన సన్నని బాట ఒకటి ఉంటుంది. వీధి చిత్రాలు చూపించే మ్యాప్‌లో బొమ్మ పెద్దది చేసి చూస్తే అది ఇంట్లోంచే కనిపిస్తుంది. దారి ఆ బాట వెంటే గీసుకోండి.

తర్వాతవి పాత పట్టాలు. క్రేన్లు, గూడ్సు బళ్లు నడిచిన పట్టాలని చాలాచోట్ల తీసెయ్యకుండా నేలలోనే ఉంచేశారు. పట్టా పక్కన గాడి ఉంటుంది. స్ట్రోలర్ ముందు చక్రం సరిగ్గా పట్టేంత వెడల్పు. ఏటవాలుగా దాటబోతే చక్రం తిరిగి గాడిలో పడుతుంది, బండి ఠక్కున ఆగిపోతుంది, తోసేవాళ్లు హ్యాండిల్ మీదకి తూలిపడతారు. పట్టాకి సరిగ్గా అడ్డంగా తిరిగి నిలబడాలి. హ్యాండిల్ కిందికి నొక్కి ముందు చక్రాలు లేపాలి. గాడి దాటాక వాటిని దించి, అప్పుడు వెనక చక్రాలు దాటించాలి. మా అమ్మాయికి పట్టాలు కనిపెట్టే పని అప్పజెప్పాం. "అమ్మా, ఆగు, పట్టా వచ్చింది!" అని చెయ్యి అడ్డం పెట్టి నిలబడుతుంది. ఆ పని ఉన్నంతసేపూ అది ఒడ్డు వైపు పరుగెత్తదు, మా పక్కనే ఉంటుంది. నాకు కావాల్సింది కూడా అదే.

చెక్క నడకదారులు మాత్రం స్ట్రోలర్‌కి స్వర్గమే. చెక్కలు మనం నడిచే దిశకి అడ్డంగా పరిచి ఉంటే చాలు, చక్రాల టకటక చప్పుడుకి మావాడు నిద్రలోకి జారుకుంటాడు. నిలువుగా పరిచి ఉంటే సందుల్లో చక్రం ఇరుక్కుంటుంది, అక్కడ కాస్త ఏటవాలుగా తొయ్యాలి. వాన పడ్డాక, పొద్దున్నే మంచు పడ్డాక ఆ చెక్క జారుతుంది. అత్తయ్య చెయ్యి పట్టుకునేది అక్కడే.

మెట్ల సంగతి. పర్యాటక సైట్లలో "స్ట్రోలర్‌తో వెళ్లొచ్చు" అనే మాట కంటే "వీల్‌చెయిర్‌కి వీలు" అనే మాటని నేను ఎక్కువ నమ్ముతాను. మొదటిది ఎవరైనా రాసేస్తారు. రెండోదానికి కొలతలుంటాయి. ర్యాంపు వాలు 1:12 మించకూడదన్నది చాలా దేశాలు పాటించే లెక్క. అంటే 15 సెంటీమీటర్ల ఒక్క మెట్టు ఎత్తు ఎక్కాలంటే 1.8 మీటర్ల ర్యాంపు కావాలి. మెట్టు మీద చెక్క ముక్క వాల్చి ర్యాంపు అనేస్తే కుదరదు. ఫుట్‌పాత్ అంచుని రోడ్డుకి వాలుగా కలపడం 1940ల్లో అమెరికాలోని కాలమజూలో యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల కోసం మొదలైంది. తర్వాత దశాబ్దాల్లో వికలాంగుల ఉద్యమాలు పట్టుబట్టి వాటిని నగరాలంతటా వేయించాయి. ఈ రోజు నేను బాబుని ఎత్తకుండా రోడ్డు దాటగలుగుతున్నానంటే వాళ్ల పుణ్యమే. స్ట్రోలర్‌ని ర్యాంపుకి అడ్డంగా నిలిపి ఫోటోలు తీసుకునేవాళ్లని చూస్తే అందుకే నాకు బాధేస్తుంది.

ఏ బండి తీసుకెళ్లాలన్నది ఇంట్లో ప్రతిసారీ చర్చే. 1965లో ఓవెన్ మెక్‌లారెన్ అనే ఇంజనీరు గొడుగులా ముడుచుకునే తేలికపాటి స్ట్రోలర్ తయారుచేశాడు. అంతకుముందు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రాల కాళ్లు రూపొందించినవాడాయన. అల్యూమినియం గొట్టాలతో చేసిన ఆ బండి బరువు మూడు కిలోల లోపే. బస్సుకీ పడవకీ అలాంటిదే హాయి. కానీ చిన్న చక్రాలు రాళ్ల దారిలో పనికిరావు. మా వారు "మడిచేది తీసుకెళ్దాం" అంటారు, నేను పెద్ద చక్రాలదే కావాలంటాను. పడవ ఎక్కే రోజు ఆయన మాట, రాళ్ల దారి ఎక్కువున్న రోజు నా మాట చెల్లుతుంది. ఆరు నెలల లోపు పిల్లలైతే ఈ చర్చే అక్కర్లేదు. వాళ్లు ఇంకా కూర్చోలేరు కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టే బండే కావాలి.

పడవ ప్రయాణం పెట్టుకుంటే ఆటుపోట్ల వేళలు తప్పకుండా చూసుకోండి. చాలామంది దీన్ని పట్టించుకోరు. సముద్రం పోటు తగిలే రేవుల్లో పడవ ఎక్కే తేలుడు వేదిక నీటితోపాటు లేస్తుంది, దిగుతుంది. ఒడ్డు నుంచి దానికి వేసిన వంతెన పోటు వేళ దాదాపు సమంగా ఉంటుంది. నీళ్లు తగ్గే ఆటు వేళ నిటారుగా వాలిపోతుంది. ఎక్కువ తీరాల్లో ఈ రెండిటికీ మధ్య సుమారు ఆరుంపావు గంటలు. అమావాస్య, పౌర్ణమి రోజులకి అటూ ఇటూ ఆ ఎత్తు తేడా మరీ ఎక్కువ. పొద్దున సునాయాసంగా దిగిన వంతెనే మధ్యాహ్నానికి ఎక్కలేనంత వాలు అవుతుంది. పోటు ఎన్నింటికో చూసి దానికి అటూ ఇటూ గంట, గంటన్నరలో పడవ పెట్టుకుంటే అత్తయ్య మోకాళ్లు, మా వారి నడుము రెండూ బాగుంటాయి. వాలు దిగేటప్పుడు స్ట్రోలర్‌ని వెనక్కి తిప్పి, మనం ముందుండి దిగాలి. హ్యాండిల్‌కున్న పట్టీ మణికట్టుకి తగిలించుకోవాలి.

ఇప్పుడు నీటి అంచు. ఓడల్ని తాళ్లతో కట్టేందుకు వీలుగా కట్టిన గట్లకి చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. ఇనుప దిమ్మెలు, వాటి మధ్య ఖాళీ, కింద నీళ్లు. పైగా వాన నీరు పోయేందుకు గట్టుని కొద్దిగా నీటి వైపు వాల్చి ఉండొచ్చు. కంటికి తెలియని వాలు చక్రానికి తెలుస్తుంది. అందుకే మా ఇంట్లో దీని మీద బేరాల్లేవు. బండి ఆగిందంటే బ్రేకు పడాలి, ఒక్క నిమిషమైనా సరే. నిలిపేటప్పుడు అంచుకి సమాంతరంగా నిలపాలి, ముందు చక్రాలు నీటి వైపు చూడకూడదు. బాబుకి భుజాల మీదుగా వచ్చే బెల్టులు కూడా పెట్టాలి. బరువు సంచులు హ్యాండిల్‌కి తగిలించకూడదు. బాబుని ఎత్తుకోగానే బండి వెనక్కి పడిపోతుంది. సంచులు కింద బుట్టలోనే పెట్టాలి. గాలి గట్టిగా ఉంటే పైన కప్పు మడిచెయ్యండి, దాన్ని గాలి తెరచాపలా పట్టుకుని లాగుతుంది.

ఆ గాలి ఎప్పుడొస్తుందో కూడా ముందే ఊహించొచ్చు. పగలు నేల నీటికంటే త్వరగా కాగుతుంది, దాని మీది వేడిగాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి నీటి మీది చల్లగాలి దూరుతుంది. ఎండ బాగా ఉన్న రోజున మధ్యాహ్నానికి అది జోరందుకుంటుంది. హాయిగా ఉంటుంది కాబట్టి ఎండ తెలియదు, పిల్లలు మాడిపోయేది అప్పుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురుగు సుమారు 25 శాతాన్ని తిప్పికొడతాయి. అంటే కప్పు కింద ఉన్నా ఎండ పక్కల నుంచి తగులుతుంది. ఆరు నెలల లోపు పిల్లల్ని నేరుగా ఎండలోకి తేకూడదు. పెద్దమ్మాయికి టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ సరిపోతాయి. ఎండ పడుతోందని బండి మీద పొడి గుడ్డ కప్పేసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానండి. గాలి ఆడక లోపల బయటికంటే వేడెక్కుతుంది. క్లిప్పుతో గొడుగు బిగించి పక్కలు తెరిచి ఉంచాలి. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తుంటే వేడి తెలిసిపోతుంది.

రోజుని ఎలా అమర్చుకోవాలంటే, నేను చంటివాడి నిద్రని మధ్యలో పెట్టుకుని మిగతావి దాని చుట్టూ సర్దుతాను. వాడు మెలకువగా ఉండే పొద్దుటి పూట మ్యూజియం, పక్షులు, పడవలు. నిద్రొచ్చే వేళకి పొడవాటి నున్నటి దారి మొదట్లో ఉండాలి. వాడు పడుకున్న గంట సేపు మేం నలుగురం మాట్లాడుకుంటూ నడుస్తాం. రోజు మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన గంట అదే. అత్తయ్య పాత కబుర్లు చెబుతారు, మా అమ్మాయి నీళ్లలో పడవల రంగులు లెక్కపెడుతుంది. దారి ఒకే గీతలా ఉంటుంది కాబట్టి వెళ్లిన దారినే తిరిగి రావక్కర్లేదు. ఒక కొసన దిగి, రెండో కొసన బస్సో రైలో ఎక్కండి. రెండు స్టేషన్లలోనూ లిఫ్టు ఆ రోజు పనిచేస్తోందో లేదో బయల్దేరే ముందే చూసుకోవాలి. మధ్యలో పైకి లేచే వంతెన ఉంటే పడవల కోసం అది ఎప్పుడు తెరుచుకుంటుందో కనుక్కోండి. తెలియకపోతే విసుగు, తెలిస్తే పిల్లలకి వినోదం.

పాత ఓడ ఎక్కి చూడాలనుంటే స్ట్రోలర్ ఒడ్డునే ఉంచాలి. ఓడలో చాలా తలుపులకి నీళ్లు రాకుండా ఎత్తు గడప ఉంటుంది, మెట్లు నిచ్చెనలంత నిటారుగా ఉంటాయి. వెంట బేబీ క్యారియర్ ఉంటే ఒకళ్లు బాబుని కట్టుకుని ఎక్కొచ్చు, మిగతావాళ్లు బండి దగ్గర కూర్చోవచ్చు. ఆ తర్వాత వంతు మార్చుకుంటాం. డైపర్ మార్చే గదులు మ్యూజియంలలో, పెద్ద లైబ్రరీల్లో బాగుంటాయి. అవి ఎక్కడున్నాయో మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, రెండు గదుల మధ్య నడక అరగంట మించకుండా దారి వేస్తాను. సంచిలో అందరికీ ఒక జత బట్టలు, మంచినీళ్లు, చిన్న తువ్వాలు, గాలికి పల్చటి జాకెట్లు.

తిరుగు ప్రయాణం పిల్లలు అలిసిపోకముందే మొదలుపెట్టాలి. "ఇంకొక్కటి చూసి వెళ్దాం" అని మా వారు అంటే, అత్తయ్యే "ఇంకోసారి వద్దాం నాయనా, పద" అంటారు. ఇంటికొచ్చాక ఒక్క పని ఉంది. సముద్రపు గాలి తగిలిన బండికి ఉప్పు పడుతుంది, చక్రాల ఇరుసుల్లో ఇసుక చేరుతుంది. ఆ రాత్రే మంచినీళ్లతో తడి గుడ్డ పెట్టి గొట్టాలు, స్క్రూలు, బ్రేకు తుడిచెయ్యండి. చక్రాలు ఊడేవైతే తీసి కడిగి ఆరబెట్టండి. ఆరాక ఇరుసులకి సిలికోన్ స్ప్రే కొట్టాలి, నూనె వద్దు, ఇసుకని పట్టి ఉంచుతుంది. చక్రాలు బిగించాక బ్రేకు పడుతోందో లేదో ఒకసారి తొక్కి చూడండి.