కెల్ట్‌-1, నా ఎమ్మెస్సీ వైవా

నిన్న సాయంత్రం నా ప్రాజెక్టు రిపోర్టు మీద సంతకం పడింది. మర్చిపోకముందే రాస్తున్నా.

నా టాపిక్ కెల్ట్‌-1. ఆండ్రోమెడా వైపు ఉన్న నక్షత్రం, సూర్యుడి కంటే కాస్త పెద్దది, కాస్త వేడి. దాని చుట్టూ 29 గంటలకోసారి ఒక బ్రౌన్ డ్వార్ఫ్ (గ్రహానికి ఎక్కువ, నక్షత్రానికి తక్కువ బరువున్నది) తిరుగుతుంది. సైజు దాదాపు గురుగ్రహమంతే, బరువు 27 రెట్లు. 2012లో బయటపడింది. సూర్యుడిలాంటి నక్షత్రాలకు ఇంత దగ్గరలో గ్రహాలు దొరుకుతాయి, తోడు నక్షత్రాలూ దొరుకుతాయి. ఈ మధ్యరకం బరువువి చాలా అరుదు. అందుకే ఎంచుకున్నా.

నాసా వాళ్ల అంతరిక్ష టెలిస్కోపు టెస్ డేటా ఉచితమే, డౌన్‌లోడ్‌కి ఒక పూట పట్టింది. బ్రౌన్ డ్వార్ఫ్ అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు 0.6 శాతం తగ్గే చోటు గ్రాఫులో తెలిసిపోతుంది. కోడ్ మొత్తం సొంతంగా రాశాను. మా బ్యాచ్‌లో అలా చేసింది నేనొక్కదాన్నే, గర్వంగానే చెప్తున్నా.

వైవాలో నాలుగో స్లైడ్ దగ్గర ఎక్స్‌టర్నల్ ఆపారు. నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే వేగం సెకనుకు 56 కిలోమీటర్లని టేబుల్లో ఉంది. "సూర్యుడిది 2. దీనిదెందుకంత?"

"వయసు తక్కువ కదా సార్, కుర్ర నక్షత్రాలు వేగంగా తిరుగుతాయి..."

"వంద కోట్ల ఏళ్లు దాటిందని పైన నువ్వే రాశావుగా?"

గైడ్ మేడం వైపు చూస్తే ఫోన్ చూసుకుంటున్నారు. ఆయన మార్కర్ చేతికిచ్చి నక్షత్రం చుట్టుకొలత కట్టమన్నారు. వెనక జూనియర్లు. టెన్షన్‌లో వ్యాసార్ధం బదులు వ్యాసం వేశాను, రెట్టింపు వచ్చింది. "ఇది కూడా రాకుండా టైడ్స్ (ఆటుపోట్ల లాగుడు) మీద ఆరు పేజీలు రాశావా? ఎక్కడ ఎత్తావు?" అన్నారు. నేనేమీ ఎత్తలేదు. తప్పు చేస్తే దిద్దాలి, దొంగ అనకూడదు. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

హాస్టల్‌కొచ్చి అన్నం మానేసి అదే లెక్క చేశాను. చుట్టుకొలత దాదాపు 64 లక్షల కిలోమీటర్లు. 56తో భాగిస్తే 32 గంటలు. పైగా ఆ 56 తిరిగే వేగంలో మన వైపు ఉన్న వాటా మాత్రమే, అంతవరకే కొలవగలం, అసలు వేగం ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు. కక్ష్య 29 గంటలు. రెండూ దాదాపు ఒకటే! చంద్రుడు సముద్రాన్ని ఉబ్బించినట్టే బ్రౌన్ డ్వార్ఫ్ నక్షత్రాన్ని ఉబ్బిస్తుంది. నక్షత్రం తన చుట్టూ తిరగడం బ్రౌన్ డ్వార్ఫ్ కక్ష్య కన్నా నెమ్మదిగా ఉంటే, అది ఆ ఉబ్బును పట్టుకుని ముందుకు లాగుతుంది, ఆ మేరకు తన కక్ష్య కుదించుకుంటుంది. గురుగ్రహమంత బరువుతో నక్షత్రాన్ని ఆ వేగానికి తేవడం కుదరదు. 27 రెట్లుంటే కుదురుతుంది.

ప్రాజెక్టు చేసేవాళ్లు గైడ్ "బాగుందమ్మా" అంటే నమ్మొద్దు. వేరే పేపర్ నుంచి తెచ్చి పెట్టిన ప్రతి అంకె మీదా సీనియర్ల చేత ముందే ప్రశ్నలు వేయించుకోండి.

ఆ లెక్క చేర్చి రిపోర్టు మళ్లీ ఇచ్చాను. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివి, టిక్ పెట్టి సంతకం చేశారు. ఎత్తావన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.