పది గంటల హాజరు: టెక్సస్‌లో చార్టర్ స్కూలు రెండో క్యాంపస్ తెరిచిన నా అనుభవం

మా అమ్మ ప్రకాశం జిల్లాలో ఒక ఎయిడెడ్ హైస్కూలులో ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పింది. అందువల్ల 2017లో నేను డాలస్ శివారులోని ఒక చార్టర్ స్కూలు బోర్డులో చేరానని ఫోనులో చెప్పినప్పుడు ఆమెకు వివరించడం తేలికైంది. యాజమాన్యం ప్రైవేటుది, డబ్బు సర్కారుది, పిల్లల దగ్గర ఫీజు వసూలు చేయకూడదు. "అయితే మన ఎయిడెడ్ బడే కదా" అంది. దాదాపు అదే. కానీ అమ్మ బడికి గ్రాంటు ఉపాధ్యాయుల జీతాల రూపంలో వచ్చేది. పోస్టు మంజూరై ఉన్నంతకాలం తరగతిలో నలభై మంది ఉన్నా ముప్ఫై మంది ఉన్నా ఆమె జీతం ఆగేది కాదు. టెక్సస్‌లో చార్టర్ స్కూలుకు డబ్బు పిల్లల తలల లెక్కన వస్తుంది. అదీ పేరు రాయించుకున్న పిల్లల లెక్కన కాదు, రోజూ బడికి వచ్చిన పిల్లల సగటు హాజరు లెక్కన. ఈ సంగతి చేరిన వారంలోనే చదివాను గానీ, తలకెక్కడానికి ఐదేళ్లు, ఒక కొత్త భవనం పట్టాయి.

వృత్తిరీత్యా నేను అకౌంటెంటును. బోర్డు సభ్యత్వం జీతం లేని పని. కొత్తవారికి 12 గంటల శిక్షణ తప్పనిసరి. 2025 దాకా ఉన్న నిబంధన ప్రకారం సమావేశం ఎజెండాను 72 గంటల ముందు అందరికీ కనబడేలా పెట్టకపోతే ఆ సమావేశంలో చేసిన తీర్మానం చెల్లకుండా పోయే ప్రమాదం ఉండేది. అమెరికాలో చార్టర్ స్కూళ్లకు మొదటి చట్టం మిన్నెసోటాలో 1991లో వచ్చింది, టెక్సస్‌లో 1995లో. మామూలు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకు ఇళ్ల మీద ఆస్తిపన్ను వేసే అధికారం ఉంటుంది, ఓటర్లను అడిగి ఆ పన్ను హామీతో బాండ్లు అమ్మి భవనాలు కట్టుకుంటుంది. చార్టర్ స్కూలుకు ఆ పన్నులో పైసా రాదు. భవనాల కోసం రాష్ట్రమంతటి చార్టర్ స్కూళ్లకు కలిపి ఏడాదికి 6 కోట్ల డాలర్లు పంచుదామని శాసనసభ నిర్ణయించింది కూడా నేను చేరిన ఆ 2017లోనే. పిల్లల సంఖ్యను బట్టి పంచితే మా వంతుకు వచ్చేది అద్దెలో చిన్న ముక్క.

సీట్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్లు నన్ను మొదట అడిగేది అదే. దరఖాస్తులు సీట్ల కంటే ఎక్కువైతే లాటరీ తీయాలి. ఇప్పటికే చదువుతున్న పిల్లల తోబుట్టువులకు, సిబ్బంది పిల్లలకు మినహాయింపు ఇవ్వవచ్చు. బోర్డు సభ్యురాలి సిఫారసుకు అక్కడ చోటు లేదు. మా వీధిలో ఉండే ఒక అబ్బాయి, "అక్కా, మీరు బోర్డులో ఉన్నారు కదా, ఒక్క మాట చెబితే సరిపోతుంది" అని మూడుసార్లు వచ్చాడు. వాళ్ల పాపకు వెయిటింగ్ లిస్టులో 64వ నంబరు వచ్చింది. నేను కావాలనే చేయలేదని వాళ్లు ఇప్పటికీ నమ్ముతున్నారు. ఉగాది పచ్చడి పంపడం మాత్రం మానలేదు.

మా పొరపాటు కూడా ఆ వెయిటింగ్ లిస్టు దగ్గరే మొదలైంది. బడిలో 480 మంది పిల్లలు, జాబితాలో 600కు పైగా పేర్లు. ఆ జాబితా చూసి రెండో క్యాంపస్ తెరవాలని 2020 చివర్లో బోర్డు తీర్మానించింది. నేను కూడా చేయెత్తాను. టెక్సస్‌లో క్యాంపస్ పెంచాలంటే రాష్ట్రంతో ఉన్న చార్టర్ ఒప్పందానికి సవరణ కోరుతూ రాష్ట్ర విద్యాశాఖ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టాలి. పరీక్షా ఫలితాలు, ఆర్థిక రేటింగు సరిగా ఉంటేనే దాన్ని పరిశీలిస్తారు. మా వల్ల పిల్లలను పోగొట్టుకోబోయే చుట్టుపక్కల డిస్ట్రిక్టులకు కూడా ముందుగా తెలియజేయాలి. ఒక డిస్ట్రిక్టు నుంచి ఘాటైన అభ్యంతరం వచ్చింది. అందులో సగం న్యాయమేనని నాకు అప్పుడే అనిపించింది. వాళ్ల నుంచి ఒక్కో తరగతికి ఇద్దరేసి పిల్లలు వెళ్లిపోయినా వాళ్ల టీచరు జీతం, కరెంటు బిల్లు తగ్గవు. ఆ మాట బోర్డులో అన్నాను. సమావేశం నమోదుల్లో (మినిట్స్) ఒక వాక్యంగా మిగిలింది.

అనుమతి వచ్చాక ఒక పాత దుకాణాల సముదాయాన్ని దీర్ఘకాలపు లీజుకు తీసుకుని బడిగా మార్చే పని మొదలుపెట్టాం. నగరపాలక సంస్థ దగ్గర ప్రత్యేక వినియోగ అనుమతి కోసం బహిరంగ విచారణ రెండుసార్లు వాయిదా పడింది. పాఠాల గురించి అక్కడ ఎవరూ ప్రశ్న వేయలేదు. సాయంత్రం పిల్లల కోసం వచ్చే కార్లు ఎంత పొడవున నిలబడతాయి, ఆ వరుస రోడ్డు మీదికి వస్తుందా రాదా అన్నదే చర్చ. మా ఇంజనీరు కార్లను బొమ్మల్లా గీసి, ప్రాంగణంలోనే రెండు మడతలుగా వరుసను తిప్పి చూపించాక గానీ అనుమతి రాలేదు. భూవినియోగ నిబంధనల్లో నగరాలు చార్టర్ స్కూళ్లను డిస్ట్రిక్టు బడులతో సమానంగా చూడాలన్న చట్టం 2023 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మేము తెరవాల్సింది 2022 ఆగస్టులో.

ఫైర్ అలారం పరీక్షలో ఒకసారి తప్పింది. బడి నడపడానికి భవనం పనికొస్తుందన్న ధ్రువపత్రం లేకుండా పిల్లలను లోపలికి రానివ్వకూడదు కనుక రెండు వారాలు ఆలస్యంగా తెరిచాం. ఏడాదికి 75,600 నిమిషాల బోధన ఉండాలన్న నిబంధన ప్రకారం పోయిన రోజులను పూడ్చడానికి ప్రతిరోజూ కొన్ని నిమిషాలు పెంచాం. నిమిషాలను పూడ్చగలిగాం గానీ పిల్లలను పూడ్చలేకపోయాం. పక్కనున్న డిస్ట్రిక్టు బడి అనుకున్న తేదీకే తెరిచారు. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు రెండు వారాలు పిల్లలను ఎక్కడ పెట్టుకుంటారు? అక్కడ చేర్చారు, అక్కడే ఉంచేశారు. పైగా ఒకే కుటుంబం మూడు నాలుగు చార్టర్ స్కూళ్ల లాటరీల్లో పేర్లు వేసి ఉంచుతుందని, మేము గర్వంగా చూపించుకున్న 600 పేర్లలో చాలా పేర్లు ఇంకెవరి జాబితాల్లోనో కూడా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

బడ్జెట్ 420 మంది పిల్లలకు వేశాం. కాగితాలు పూర్తిచేసి చేరినవారు 412 మంది. మొదటి రోజు వచ్చినవారు 331. అక్టోబరు చివరి శుక్రవారం రాష్ట్రమంతా తీసే లెక్కనాటికి 347. మేము 95 శాతం హాజరు అనుకుని 399 మంది సగటు వేసుకుంటే, నిజంగా వచ్చింది 319. రాష్ట్రం 2019లో నిర్ణయించిన తలసరి మూలమొత్తం 6,160 డాలర్లతో లెక్కవేసినా 80 మందికి 4,92,800 డాలర్ల లోటు. ఈ లోటు వెంటనే కంటబడకపోవడం ఇంకా ప్రమాదకరం. మొదటి నెలల్లో రాష్ట్రం మేము పంపిన అంచనా ప్రకారమే చెల్లిస్తుంది. తర్వాత అసలు హాజరుతో సరిచూసి, ఎక్కువ ఇచ్చినదాన్ని ముందు రాబోయే చెల్లింపుల్లో కోసుకుంటుంది. సెప్టెంబరులో బ్యాంకు ఖాతా నిండుగా ఉంది. ఆ డబ్బు మాది కాదని బోర్డుకు నచ్చజెప్పడానికి నాకు రెండు సమావేశాలు పట్టాయి.

ఆ జనవరిలో ఒక వాన రోజున నేను కొత్త క్యాంపస్ ఆఫీసులో కూర్చున్నాను. మా బడిలో అధికారిక హాజరు సమయం ఉదయం పది గంటలు. ఆ నిమిషానికి తరగతిలో ఉన్న పిల్లవాడే ఆ రోజుకు లెక్క. డాక్టరు దగ్గరికి వెళ్లి చీటీతో తిరిగి వచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది. హాజరు చూసే ఆమె గడియారం వైపు, కిటికీ వైపు మార్చిమార్చి చూస్తోంది. పదీ ఎనిమిదికి ఒక తల్లి ఇద్దరు పిల్లలను తడుచుకుంటూ తీసుకొచ్చింది. బస్సు తప్పిపోయిందట, ఒక మైలు నడిచారట. హాజరు చూసే ఆమె ఆ పిల్లలకు తువ్వాలు ఇచ్చి, తరగతికి పంపి, తెర మీద ఇద్దరి పేర్ల పక్కన గైర్హాజరు గుర్తు అలాగే ఉంచింది. వాళ్లు మధ్యాహ్నం మూడున్నర దాకా బడిలోనే ఉన్నారు, అన్నం తిన్నారు, పాఠాలు విన్నారు.

ఆ తల్లి నడిచి వచ్చిన దారి మా తప్పును చూపించింది. చార్టర్ స్కూలు మామూలు పిల్లలకు బస్సు నడపాలన్న నియమం లేదు, మేము ఖర్చు మిగిలిందనుకున్నాం. సంక్రాంతి వారంలో రెండు పాత బస్సులు కొందామని ప్రతిపాదించాను. లోటులో ఉండి కొత్త ఖర్చేమిటని సహజంగానే అడిగారు. ఎక్కువసార్లు మానేస్తున్న 58 మంది చిరునామాలను పటం మీద గుర్తుపెట్టి చూపించాను. 41 మంది మూడు అపార్టుమెంటు సముదాయాల్లోనే ఉన్నారు. బస్సులు మార్చిలో మొదలయ్యాయి. ఆ ఏడాది మిగతాదంతా కోతలే: ఖాళీ అయిన నాలుగు పోస్టులు నింపలేదు, భవనం యజమాని మూడు నెలల అద్దెను తర్వాతి ఏడాదికి జరిపాడు, సంగీతం తరగతి వారానికి ఒకటి తగ్గింది. ఆ సంగీతం కోత నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అది మా లెక్క తప్పుకు పిల్లలు కట్టిన మూల్యం.

రెండో ఏడాది నుంచి బడ్జెట్ తీరు మార్చాను. వెయిటింగ్ లిస్టును బడ్జెట్ కాగితాల్లోంచి పూర్తిగా తీసేశాను. పేరు రాయించుకున్నవారిలో నూటికి ఎనభై మందే వస్తారని, వచ్చినవారిలో హాజరు 92 శాతమేనని వేసుకుని, అంతకు మించి వస్తే అక్టోబరు లెక్క తర్వాతే కొత్త టీచరును తీసుకుంటాం. ఆ లెక్క ప్రకారం నిలబడలేని తరగతిని తెరవం. దీనివల్ల 2023లో ఆరో తరగతిలో రెండో సెక్షను ఆలస్యంగా మొదలైంది; కొందరు తల్లిదండ్రులు కోపగించుకున్నారు, వాళ్ల కోపం సబబే. అదే ఏడాది ప్రతి క్యాంపస్‌లోనూ సాయుధ భద్రతాధికారి ఉండాలని చట్టం వచ్చింది. రాష్ట్రం ఇచ్చింది క్యాంపస్‌కు 15,000 డాలర్లు, దానికి తోడు పిల్లవాడికి పది డాలర్లు. ఒక మనిషి ఏడాది జీతానికి అది చాలదు. పాత పద్ధతిలో బడ్జెట్ వేసి ఉంటే ఆ ఖర్చును తట్టుకోలేకపోయేవాళ్లం.

రెండో క్యాంపస్‌లో ఇప్పుడు 409 మంది ఉన్నారు. మొన్న బోర్డు ముందుకు మూడో క్యాంపస్ ప్రతిపాదన వచ్చింది, మొదటి పేజీలోనే 700 పేర్ల వెయిటింగ్ లిస్టు. ఆ పేర్లలో ఇతర స్కూళ్ల జాబితాల్లోనూ ఉన్నవారు ఎందరో, బస్సు లేకపోతే రాలేనివారు ఎందరో ఫోను చేసి కనుక్కుని రమ్మని ప్రిన్సిపాల్‌ను కోరాను. ఇప్పటికి 212 కుటుంబాలతో మాట్లాడారు.