వస్తువుతో పాటు రావలసిన మాట

కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న మా పట్టణంలో, పాతకాలపు వస్తువులను సేకరించి భద్రపరిచే చిన్న ప్రదర్శనశాల ఒకటి కొంతకాలంగా నడుస్తోంది. అందులో జీతం తీసుకునేవారు ఎవరూ లేరు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఒక చేనేత కార్మికుడు, సెలవులకు ఇంటికి వచ్చే డిగ్రీ విద్యార్థులు, వారితో పాటు నేను, వంతులవారీగా తలుపులు తీసి, దుమ్ము తుడిచి, వచ్చినవారికి చూపిస్తుంటాము. అద్దె, కరెంటు బిల్లు చందాలతో గడిచిపోతున్నాయి. ఇక్కడ నేను చెప్పదలచినది మా రిజిస్టరు గురించి.

చూడవచ్చినవారి కళ్లు గోడల మీదికి, గాజు బీరువాలలోకి వెళ్లడం సహజం. మా పనిలో ఎక్కువ భాగం మాత్రం ఆ రిజిస్టరులోనే జరుగుతుంది. ప్రతి వస్తువుకూ వరుస సంఖ్య, ఇచ్చినవారి పేరు, ఊరు, వచ్చిన తేదీ, కొలతలు, ఇప్పుడున్న స్థితి రాస్తాము. కొయ్య, ఇనుప వస్తువుల మీద కంటికి కనపడని వైపున పలుచగా వార్నిష్ పూసి, అది ఆరిన తరువాత దానిపై సంఖ్య వేస్తాము. బట్ట అయితే చిన్న పట్టీ మీద రాసి కుడతాము. తాటాకు గ్రంథానికి చీటీ కడతాము. ఇంతవరకూ ఏ మ్యూజియంలోనైనా ఉండే పద్ధతే. దీని తరువాత ఒక్కొక్క వస్తువుకు మేము వదిలిపెట్టే ఖాళీ పేజీయే అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం.

ఒక రైతు కుటుంబం ఇచ్చిన విత్తనపు గొర్రు మా దగ్గర ఉంది. మొదట రిజిస్టరులో దాని ఎదుట ‘గొర్రు, కొయ్యది, జడ్డిగంతో సహా’ అని మాత్రమే ఉండేది. జడ్డిగమంటే గింజలు పోసే, అడుగున రంధ్రాలున్న కొయ్య గిన్నె. ఒకనాడు మనవరాలితో వచ్చిన ఒక అవ్వ దాని పక్కన నిలబడి, జడ్డిగంలో చేయి పెట్టి, గింజ ఎలా వదలాలో చూపించింది. ఎద్దుల నడకకు తగినట్టు పిడికిలి సడలించాలట. జడ్డిగంలోని రంధ్రాలన్నిటికీ గింజ సమంగా అందాలట. మలుపు దగ్గర చేయి బిగించకపోతే గట్టు వారన పైరు గుబురుగా మొలిచి, చేను నడుమ పలుచబడుతుందట. కొర్రల వంటి సన్నగింజకు వేళ్ల సందు ఎంత ఉండాలో, జొన్నకు ఎంత ఉండాలో ఆమె చేతికి ఇంకా జ్ఞాపకమే. “గొర్రు పట్టేది మొగోళ్లు, గింజ పోసేది మేము నాయనా. పైరు సమంగా మొలిస్తే మెప్పు మాత్రం గొర్రు పట్టినోనికి” అని ఆమె అన్న మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాము. ఆ పేజీ లేనిదే ఆ గొర్రు మా దగ్గర ఉన్నా లేకున్నా ఒక్కటే అని నేను గట్టిగా చెప్పగలను.

ఇలా అడిగి రాసుకోవడం మా ప్రాంతానికి కొత్త కాదు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సిబ్బంది దత్తమండలాలలో, అంటే నేటి రాయలసీమ ప్రాంతంలో, ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి లెక్కలను, పెద్దలు చెప్పిన వృత్తాంతాలను రాసుకున్నందువల్లనే కైఫీయత్తులు అనే గ్రామ చరిత్రలు మనకు మిగిలాయి. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాల పాఠాలను వారిచేత పోల్పించాడు, శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు, ఆయనతో కలిసి వచ్చిన సాహిత్యాభిమానులు విరాళాలు పోగుచేసి బ్రౌన్ పేరిట గ్రంథాలయాన్ని నిలబెట్టారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయానికి చేరి, భాషా పరిశోధన కేంద్రంగా కొనసాగుతోంది.

అయితే కైఫీయత్తులలో ఎక్కువగా కనిపించేవి రాజులు, మాన్యాలు, గుళ్లు. మేము ఆ దారిలోనే ఆగిపోకూడదని రిజిస్టరులో ‘చేసినవారు’ అన్న గడి ఒకటి గీసుకున్నాము. బావిలోనుంచి నీళ్లు తోడే కపిల తెచ్చి ఇచ్చిన కుటుంబానికి తమ తాతగారి బావి ఎంత లోతో, ఆ నీటి కింద ఎన్ని మడులు పారేవో బాగా తెలుసు. ఆ తోలు బాన కుట్టినవారు ఎవరని అడిగితే మాత్రం, ‘మాదిగవాళ్లు కుట్టేవారు’ అన్నదే సమాధానం. తోలును ఊని పదును చేయడం, నీరు కారకుండా కుట్టడం, ఎండి పగలకుండా నూనె పట్టించడం తెలిసిన మనిషి లేనిదే ఆ బావి కింద పంట లేదు. అందుకని మా విద్యార్థి ఒకరు ఆ ఊరికే వెళ్లి, కుట్టిన ఆయన కుమారుని కలిసి, తండ్రి పేరును, పనిముట్ల వివరాలను రాసుకొని వచ్చాడు. ఇప్పుడు కపిల పక్కనున్న పలకపై ఇచ్చినవారి పేరు, చేసినవారి పేరు ఒకే పరిమాణంలో ఉన్నాయి.

రాళ్ల విషయంలో మా నియమం వేరు. పొలం గట్టున వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుని జ్ఞాపకార్థం నిలిపిన రాయి) ఉంది, తెచ్చి ఇస్తామని అప్పుడప్పుడు కొందరు అంటుంటారు, మేము వద్దంటాము. నూరేళ్లు దాటిన శిల్పం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, ఇష్టం వచ్చినట్టు తెచ్చి పెట్టుకోదగినది కాదు. చట్టం సంగతి అటుంచినా, ఏ ఊరి పొలిమేరలో నిలబెట్టారో అక్కడ ఉంటేనే వీరగల్లుకు అర్థం. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో చెన్నకేశవాలయం ఆవరణలోని శాసనాన్నే చూడండి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరున్న ఆ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగులో దొరికిన తొలి శాసనంగా పండితులు దానిని గుర్తించారు. ఆ చోళులు ఏలిన రేనాడు ఎక్కడిదన్న ప్రశ్నకు ఆ రాయి ఉన్న నేల కూడా ఒక సాక్ష్యమే. కాబట్టి వీరగల్లు కబురు వస్తే మేమే వెళ్లి ఫోటో తీసి, అది ఏ దిక్కుకు నిలిచి ఉందో, ఏ పండుగకు పసుపు కుంకుమలు పెడతారో, ఊరివారు దానిని ఏ వీరునిదని చెప్పుకుంటారో రాసుకొని, పురావస్తు శాఖకు తెలియజేస్తాము.

రిజిస్టరు ఒక్కటే ప్రతిగా ఉండటం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. చెదలు పట్టినా, వాన నీరు దిగినా, ఆ మాటలను మళ్లీ చెప్పగలిగేవారు ఇప్పటికే కొందరు లేరు. అందువల్ల ఈ వేసవిలో పేజీలన్నిటినీ స్కాన్ చేసి, ఒక అచ్చు ప్రతిని పట్టణంలోని శాఖా గ్రంథాలయంలో, మరికొన్నిటిని వస్తువులిచ్చిన ఊళ్ల పాఠశాలల్లో ఉంచాలని నిర్ణయించుకున్నాము. దస్తూరి చదవగలిగి, ఆదివారాలు రెండు గంటలు కూర్చోగలిగినవారు ఎవరైనా ఉంటే రండి. అచ్చు కోసం ముందుగా చదివి ఎత్తి రాయవలసినవి ధాన్యపు పాతరల గురించిన పేజీలు, ఎందుకంటే వాటి సిరా వెలిసిపోతోంది.