ఎదురెదురు పేజీలు

ఇయ్యాల మూడో పీరియడ్ ఏడో తరగతి సైన్స్. పిల్లల పుస్తకాలు తిరగేసి చూస్తే అందరివీ ఒకే తీరు, తెలుగు పేజీలు అంచులు నలిగి పెన్సిల్ గీతలతోని నిండినయి, ఎదురుంగున్న ఇంగ్లీష్ పేజీ మాత్రం కొత్త పుస్తకం లెక్కనే ఉన్నది. 2022-23ల తెలంగాణ సర్కారు బడుల్ల 1 నుంచి 8 దాక ఇంగ్లీష్ మీడియం పెట్టినప్పుడు ఇట్ల రెండు భాషల్ల అచ్చేసి ఇచ్చిండ్రు, మంచి పనే, నాకు నచ్చింది కూడా. కానీ పిల్ల తెలుగుల అర్థం చేసుకుంటది, జవాబేమో ఇంగ్లీష్ల బట్టీ పడతది, ఆ రెంటినీ కలిపే పీరియడ్ టైంటేబుల్ల యాడ లేదు.

కర్ణాటక సరిహద్దు కాడున్న మా మక్తల్ దిక్కు ఇంకో సంగతి ఉన్నది. కృష్ణ మండలం ఊర్లల్ల చానమంది ఇంట్ల కన్నడమే మాట్లాడతరు, ఆడ కన్నడ మీడియం బడులున్నయి, బజారుకైనా దవాఖానకైనా నది దాటి రాయచూరే పోతరు. మా బడిల గూడ అసొంటి ఇండ్ల పిల్లలున్నరు.

సాయంత్రం మా చిన్నమ్మ కొడుకు జర్మనీ నుంచి ఫోన్ చేసిండు, ఫ్రైబుర్గ్ల ఉంటడు. బిడ్డ చదువు ఎట్లుందిరా అంటే చానసేపు చెప్పిండు. ఆ పిల్ల జర్మన్-ఫ్రెంచ్ బడిల చదువుతది, చరిత్ర ఫ్రెంచ్ల చెప్తరంట, అదీ ఫ్రాన్స్ నుంచి వచ్చిన సారు. అసొంటి బడి మొట్టమొదలు 1961ల సార్‌బ్రూకెన్ల పెట్టిండ్రు, తర్వాత ఫ్రైబుర్గ్ల, పారిస్ దగ్గర బ్యూక్ అనే ఊర్ల. ఆఖరి పరీక్ష పాసైతే ఆ సర్టిఫికెట్ రెండు దేశాలల్ల చెల్లుతది. మామూలు బడుల్ల చదివేటోళ్లకు అబిబాక్ అని ఇంకో దారి ఉన్నది, 1994 ఒప్పందంతోని వచ్చింది, బడి చదువు ఆఖరికి ఇచ్చే సర్టిఫికెట్లు, జర్మనీ అబిటూర్, ఫ్రాన్స్ బకలోరియా రెండూ ఒక్కసారే వస్తయి. 1870, 1914, 1939, డెబ్బై ఏండ్లల్ల మూడుసార్లు కొట్లాడుకున్న దేశాలు! 2006ల రెండు దేశాల పిల్లలకు ఒకే చరిత్ర పుస్తకం కూడా తెచ్చినయి, అదే పాఠం జర్మన్ల ఒకటి, ఫ్రెంచ్ల ఒకటి.

ఫోన్ పెట్టేసినంక అదే ఆలోచన. వాళ్లు రెండో భాషను భాష పీరియడ్ కాడనే ఆపలే, ఒక అసలు సబ్జెక్టునే దాని చేతిల పెట్టిండ్రు, ఆ భాష పుట్టు భాషైన సారును తెచ్చిండ్రు, పరీక్ష కూడా అందులోనే పెట్టిండ్రు. అందుకే ఆ పిల్లకు రెండు పేజీలూ నలుగుతయి. మా పిల్లలకు తెలివి తక్కువ లేదు, ఇంట్ల కన్నడం, బడిల తెలుగు, పుస్తకంల ఇంగ్లీష్, పన్నెండేండ్ల పిల్ల ఇన్ని మోస్తున్నది, ఆ మోసేదానికి ఒక్క మార్కు లేదు, నాకు కోపమొచ్చేది ఆడనే.

చుట్టుపక్కల బడుల టీచర్లందరం కూడే కాంప్లెక్స్ మీటింగు వచ్చేసారి అయినప్పుడు రెండు మాటలు అడగాలె. వారంల ఒక్క పీరియడ్ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదివించనీకి ఇయ్యాలె, కృష్ణ మండలం బడుల నుంచి కన్నడం వచ్చిన టీచర్‌ను నెలకొక్కసారైనా మా బడికి పంపాలె.